గోడ మీద సున్నపు బొట్లు

1974 జనవరి 3, గురువారం

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆఫీసు నాకు ఊరికే ఇచ్చిన మొదటి వస్తువు ఈ డైరీ. ఫైల్లో రాయలేని నిజాలన్నీ ఇందులో రాసుకుంటాను.

మొదటి నిజం. ఇవాళ నన్ను ఇన్‌చార్జి ప్రాజెక్ట్ ఆఫీసర్‌ని చేశారు. నిన్నటి దాకా అప్పర్ డివిజన్ గుమాస్తాని. లక్డీకాపూల్‌లో మా విభాగానికి ఉన్నదే ఒక గది. అందులో జాయింట్ డైరెక్టర్ వరప్రసాద్ గారు పిలిచి, "మూర్తీ, ఊళ్ళో కిరసనాయిలు దొరక్క జనం అల్లాడుతున్నారు. జనమే కట్టుకుని, జనమే నడుపుకునే గోబర్ గ్యాస్ ప్లాంటు ఒకటి నగరం నడిబొడ్డున పెట్టి చూపించాలి. నాంపల్లిలో మీ కాంపౌండులో గేదెలున్నాయటగా?" అన్నారు.

ఉన్నాయి. ఆరు. యాభై ఆరులో మేం కాకినాడ నుంచి వచ్చి దిగిన రోజు నుంచీ కామాక్షి ఆ కంపు గురించి నన్ను దెప్పుతూనే ఉంది. ఆ కంపే ఇవాళ నన్ను ఆఫీసర్‌ని చేసింది!

ఫిబ్రవరి ఆఖర్లో సెక్రటరీ గారు స్వయంగా వచ్చి పొయ్యి వెలిగిస్తారట. వెలిగితే నా పేరు ముందు "ఇన్‌చార్జి" తీసేసి పోస్టు ఖాయం చేస్తారు. వెలగకపోతే ఇనప డ్రమ్ము ఆదిలాబాద్ జిల్లాకు పోతుంది, నేనూ పోతాను. "ఖర్చెందుకు, ఇద్దరినీ ఒకే లారీలో పంపిద్దాం" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. 

జనవరి 4

కామాక్షికి చెప్పాను. "పేడతో కాఫీయా? నా గొంతులో దిగదు" అంది.

జనవరి 6, ఆదివారం

కాంపౌండు మీటింగు పెట్టాను. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది శ్యామ్‌సుందర్. ఆబిడ్స్‌లో ఒక బడిలో లెక్కల మాస్టారు, తాతల నాటి నుంచీ ఈ ఊరివాడు. మనిషి మంచివాడే గాని ప్రశ్నలు వేస్తాడు.

"మూర్తి సాబ్, జర ఒక్కటి చెప్పున్రి. గీ ప్లాంటు సర్కారుదా, మనదా?"

"మనందరిదీ."

"మరి తాళం ఎవరి దగ్గర ఉంటది?"

"నా దగ్గర."

"ఓహో, గట్లనా" అని భార్య సౌభాగ్య వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. అందులో అంత నవ్వాల్సిందేముందో!

గేదెల ఆసామి జంగమ్మ. కాంపౌండు వెనక కొట్టం ఆవిడదే, మా అందరికీ పాలు పోసేదీ ఆవిడే. ఆరు గేదెల పేడ ఎనిమిది పొయ్యిలకు చాలదట. మిగతాది మల్లేపల్లి వైపు కొట్టాల నుంచి మోసుకు రావాలి. ఎవరు మోస్తారు? అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను అప్పటికప్పుడు సంఘం నిబంధనలు రాశాను. అందులో ఏడోది బంగారం లాంటిది. "హోదాతో నిమిత్తం లేకుండా, తన చేతులతో పేడ మోసినవారే సంఘ సభ్యులు. సభ్యుల ఇంటికే గ్యాసు." చదువుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

"కాయితం మీద నాకు నమ్మకం లేదు సారు" అంది జంగమ్మ. "పాలకు పెట్టినట్టే డబ్బాకొక సున్నం బొట్టు పెడ్త. ఎవరి బొట్లు వాళ్ళకు."

నిజమే, ఆవిడ పాల లెక్క ఎప్పుడూ మా గుమ్మాల పక్కన సున్నపు బొట్లే. కొట్టం గోడ మీద శ్యామ్‌సుందర్ సుద్దతో పేర్లు రాశాడు. నా పేరు రాయబోతే వారించాను. ఇన్‌చార్జి పర్యవేక్షిస్తాడు గాని మోస్తాడా?

జనవరి 16

ఇటుకల గుంత పూర్తయింది. ఇనప డ్రమ్ము వచ్చింది. గుంతలో పేడనీళ్ళ మీద ఈ డ్రమ్ము బోర్లా తేలాలి. అడుగున గ్యాసు పుడితే పైకి లేస్తుంది. అంతే శాస్త్రం.

ప్లాంటు వాడకం మీద ఇంగ్లీషులో ఉన్న చిన్న పుస్తకాన్ని నేనే తెలుగు చేశాను. ఇరవై రెండు పేజీలు. వరప్రసాద్ గారు చదివి, "చాలా ప్రామాణికంగా ఉందయ్యా, ఒక్క ముక్క అర్థం కాలేదు" అని మెచ్చుకున్నారు.

జనవరి 21, సోమవారం

గుంత నింపాం. అంటే, వాళ్ళు నింపారు. గేదెల కొట్టం కడిగిన నీళ్ళు వృథాగా వీధిలోకి పోతుంటే, అక్కడి నుంచి నేరుగా గుంతలోకి ఒక కాలువ తవ్వించాను. ఒక్క చుక్క బయటికి పోదు. ఈ కాలువ పూర్తిగా నా ఆలోచన. ఎవరూ సలహా ఇవ్వలేదని ఇక్కడ స్పష్టంగా రాసుకుంటున్నాను.

జనవరి 28

డ్రమ్ము లేవలేదు.

జనవరి 29

లేవలేదు. శ్యామ్‌సుందర్ రోజూ స్కేలు పట్టుకొచ్చి కొలుస్తున్నాడు. ఏమీ అనడు, కొలిచి వెళ్ళిపోతాడు. ఏదైనా అంటే బాగుండును.

ఫిబ్రవరి 4, సోమవారం

లేచింది! ఆరు వేళ్ళ ఎత్తు! కాంపౌండంతా చుట్టూ చేరి నీళ్ళాడబోయే మనిషిని చూసినట్టు చూశారు. కామాక్షి కూడా ముక్కు మూసుకునే వచ్చి చూసింది.

ఫిబ్రవరి 9

గొట్టం చివర అగ్గిపుల్ల పెట్టాను. నీలం మంట. పొగ లేదు, మసి లేదు. జంగమ్మ రెండు చేతులూ జోడించింది. "మా బర్రెలు గింత పని చేస్తయని నాకు ఎరికే లేదు" అంది. శ్యామ్‌సుందర్ నన్ను కావలించుకున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. పొగకు అని చెప్పాను. "పొగ లేని గ్యాసుకి పొగేమిటండీ" అంది కామాక్షి, అందరి ముందూ.

ఫిబ్రవరి 11, సోమవారం

గురువారం వరప్రసాద్ గారు ముందస్తు తనిఖీకి వస్తున్నారు. ప్రభుత్వంలో తనిఖీ అంటే ఏం చెయ్యాలో నాకొకరు నేర్పాలా? సర్క్యులర్ వేశాను. బొట్ల గోడ తప్ప మిగతా గోడలకు సున్నం, దారికి ముగ్గు, సకల ప్రదేశాలలో ఫినాయిల్. ఆబిడ్స్ వెళ్ళి ఆరు డబ్బాల ఫినాయిల్ తెచ్చి దగ్గరుండి కడిగించాను. కొట్టంలో మూడు డబ్బాలు పట్టాయి. జంగమ్మ అడ్డం పడింది గాని సర్క్యులర్ చూపించాను. చదవలేదు కాబట్టి ఊరుకుంది. ఇప్పుడు గేదెలు మా ఆఫీసు వరండా వాసన వేస్తున్నాయి.

ఫిబ్రవరి 14

వరప్రసాద్ గారు వచ్చారు. జేబురుమాలు తియ్యలేదు! "శభాష్ మూర్తీ. పేడ ప్లాంటులా లేదు, దవాఖానాలా ఉంది" అన్నారు. సెక్రటరీ గారు ఇరవై ఐదో తారీఖున వస్తారట. రాత్రి కామాక్షితో, ఇంటి ముందు ప్రాజెక్ట్ ఆఫీసర్ అని బోర్డు పెట్టిద్దామా అన్నాను. "ముందు కాఫీ కాగనివ్వండి" అంది. ఆడవాళ్ళకు ముందుచూపు తక్కువ.

ఫిబ్రవరి 17, ఆదివారం

డ్రమ్ము నాలుగు వేళ్ళు దిగింది. కారణం వెంటనే పట్టేశాను. డ్రమ్ము పైన ఎండకు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సౌభాగ్య పని. ఆ బరువుకు దిగదా మరి? ప్రభుత్వ పరికరాన్ని సొంత అవసరాలకు వాడినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో రాసి శ్యామ్‌సుందర్ చేతికిచ్చాను.

ఫిబ్రవరి 18

శ్యామ్‌సుందర్ మెమో తిరిగి తెచ్చిచ్చాడు. "అవతలి దిక్కున గుమ్మడి వడియాలు ఉన్నయి సాబ్. గవి ఎవరివో కూడా జర రాసుకోన్రి."

కామాక్షివి. మెమో వెనక్కి తీసుకున్నాను.

ఫిబ్రవరి 20

డ్రమ్ము అడుక్కి కూచుంది. మంట లేదు. ఫైల్లో చలి కారణం అని రాశాను. మళ్ళీ చూస్తే నా చొక్కా చెమటకు తడిసి ఉంది. చలి కొట్టేసి, గేదెల మేతలో లోపం అని రాశాను. అది జంగమ్మకు తెలిసింది.

"నా బర్రెల పేడకు ఏం రోగం లేదు సారు. మీరు పోసిన ఫినాయిలే గా కాలువల నుంచి పోయి గుంతల పడ్డది. మీ కడుపుల ఫినాయిల్ పోస్తే తిన్నది అరుగుతదా?"

అక్షరం ముక్క రాని మనిషి. గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టాను. "చదువుకున్నోళ్ళు, మీ ఇష్టం" అని గేదెల దగ్గరికి వెళ్ళిపోయింది. గేదెలు కూడా నా వైపు అదోలా చూశాయి.

ఫిబ్రవరి 21

జంగమ్మ అన్నది నేను పట్టించుకోవడం లేదు.

ఫిబ్రవరి 22, శుక్రవారం

జంగమ్మ నోరు మూయిద్దామని పుస్తకం తీశాను. పద్నాలుగో పేజీలో ఈ వాక్యం ఉంది. "క్రిమినాశక ద్రవ సంపర్కము కిణ్వన ప్రక్రియకు విఘాతకము గాన సర్వథా వర్జనీయము." మూడుసార్లు చదివాను. గంభీరంగా ఉంది, అర్థం కాలేదు. ఇంగ్లీషు పుస్తకం తీసి చూశాను. అక్కడ చిన్న పిల్లలకు చెప్పినట్టు రాసి ఉంది, ఫినాయిల్ గుంతలో పడనివ్వకండి, పడితే గ్యాసు పుట్టించే పురుగు చస్తుంది అని.

తెలుగు చేసింది నేను. సర్క్యులర్ వేసింది నేను. ఎవరూ సలహా ఇవ్వకుండా కాలువ తవ్వించింది నేను.

ఇంకా మూడు రోజులే ఉంది. నాకు అన్నం సయించలేదు. కామాక్షి ఏమైందని అడిగింది. పంటి నొప్పి అన్నాను.

ఫిబ్రవరి 23

సెలవు పెట్టాను. జ్వరం అని రాశాను. సాయంత్రం మా ఆఫీసు బుచ్చిబాబు కబురు తెచ్చాడు. శాసనసభ పనుల వల్ల సెక్రటరీ గారి రాక మార్చి పద్దెనిమిదికి వాయిదా పడిందట. దేవుడున్నాడు. శాసనసభ కూడా ఉంది.

ఫిబ్రవరి 24, ఆదివారం

మీటింగు పెట్టి నిలబడ్డాను. "అనివార్యమైన సాంకేతిక కారణాల వల్ల ఉత్పత్తి తాత్కాలికంగా..."

"ఫినాయిల్‌ను సర్కారుల గట్ల అంటరా సాబ్?" అన్నాడు శ్యామ్‌సుందర్.

ఎవరూ నవ్వలేదు. అందరికీ ముందే తెలుసు. నేను చెబుతానేమోనని నాలుగు రోజులుగా చూస్తున్నారట. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి, "నాదే పొరపాటు" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు ఇరవై రెండు పేజీల తెలుగు చేసినంత శ్రమ అయింది.

"ఔ, అయిందేదో అయింది, ఫికర్ చెయ్యకున్రి" అంది జంగమ్మ. "గుంత ఖాళీ చేసి మళ్ళ నింపుదాం. ఉత్త పేడతోని ఆలస్యమైతది. పాలకు తోడు వేస్తం కదా, గట్లనే నడుస్తున్న గుంతల నుంచి కొన్ని నీళ్ళు తెచ్చి తోడు వేద్దాం."

ఈ సంగతి పుస్తకంలో పదిహేడో పేజీలో ఉంది. నా తెలుగులో ఉంది కాబట్టి నాకూ తెలియలేదు.

అందరూ బిందెలతో, బకెట్లతో గుంత తోడి పోశారు. నేను గొడుగు వేసుకుని పర్యవేక్షించాను. కాలువ మాత్రం నేనే మూసేశాను, కాలితో మట్టి తోసి.

ఫిబ్రవరి 26

రాజేంద్రనగర్ అవతల ఒక రైతుకు నడుస్తున్న ప్లాంటు ఉందట. జంగమ్మా శ్యామ్‌సుందరూ వెళ్ళి రెండు పాల క్యాన్లనిండా తోడు తెచ్చారు. రిక్షావాడు పాలే అనుకున్నాడట, దించేటప్పుడు మూత తీసి చూసి దణ్ణం పెట్టి పారిపోయాడట. నేను చూడలేదు. జ్వరంగానే ఉంది.

మార్చి 1

కామాక్షికి ఉన్నట్టుండి భక్తి ముదిరింది. నాలుగు రోజులుగా పొద్దున్నే ఐదింటికి లేచి సౌభాగ్యతో కలిసి గుడికి వెళుతోంది. చీర అంచు తడిసి ఉంటోంది. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళతారు కదా. నా కోసమే ఈ పూజలని తెలుసు. ఏమీ అడగలేదు, మొక్కు బయటపెడితే ఫలించదంటారు.

మార్చి 3

గంధం సబ్బు నాలుగు రోజులకే అరిగిపోయింది. ప్రసాదం ఏదని అడిగితే, "మేం వెళ్ళేసరికి అయిపోయిందండీ" అంది. ఐదింటికే అయిపోతుందా! ఈ ఊళ్ళో భక్తులెక్కువ.

మార్చి 5

నేనూ ఒక డబ్బా మోద్దామనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, మీటింగు రోజు నుంచీ ఆ గోడ వైపు చూడలేకపోతున్నాను. ఖాళీ బకెట్ పట్టుకుని పెద్ద రోడ్డు మలుపు దాకా వెళ్ళాను. ఇరానీ హోటల్ ముందు బుచ్చిబాబు టీ తాగుతూ కనబడ్డాడు. బకెట్ కింద పెట్టి, అది నాది కానట్టు నాలుగడుగులు పక్కకి జరిగాను. "రండి ఆఫీసర్ గారూ" అని లోపలికి తీసుకెళ్ళి టీ ఇప్పించాడు. తిరిగొచ్చేసరికి బకెట్ లేదు.

మార్చి 6

బకెట్ ఏదని కామాక్షి అడిగింది. నాకేం తెలుసు అన్నాను. పాపం ఆవిడ దానికోసం చాలా సేపు వెతికింది.

మార్చి 11

లేచింది. రెండు వేళ్ళు.

మార్చి 13

ఐదు. శ్యామ్‌సుందర్ స్కేలు నా చేతికిచ్చి, "మీరు చూడున్రి సాబ్" అన్నాడు. రెండుసార్లు కొలిచాను. ఐదే.

మార్చి 17

డ్రమ్ము నిండుగా తేలుతోంది. ఇళ్ళకు గొట్టాలు వేశారు. మా ఇంటికి కూడా వేశారు. ఇన్‌చార్జి కదా.

మార్చి 18, సోమవారం

అంతా వరసగా రాస్తాను. తొందరపడితే కొన్ని వదిలేస్తానేమో, వదిలెయ్యాలనే ఉంది.

సెక్రటరీ గారు పదింటికి వచ్చారు. సన్నగా, కళ్ళద్దాలతో, తక్కువ మాట్లాడే మనిషి. డ్రమ్ము చూశారు, గేదెలను చూశారు, జంగమ్మకు నమస్కారం పెట్టారు. వరప్రసాద్ గారు ముందుకొచ్చి, "మొదటి పొయ్యి మా ప్రాజెక్ట్ ఆఫీసర్ ఇంట్లో వెలిగిద్దామండీ. అక్కడే కాఫీ ఏర్పాటు" అన్నారు.

"ఆయనకు లేదు సారు" అంది జంగమ్మ.

వరప్రసాద్ గారు, "ఏమిటీ?" అన్నారు.

"మోసినోళ్ళకే గ్యాసు. గీ గోడ చూడున్రి. ఎవరి పేరు కింద వాళ్ళ బొట్లు. మూర్తి సారు పేరు లేదు, బొట్టు లేదు."

 నాకు ఆదిలాబాద్ లారీ హారను వినబడినట్టే అయింది. వరప్రసాద్ గారు నన్ను నమిలి మింగేట్టు చూశారు. "అదేంటమ్మా, ఆయనే కదా ఇదంతా..."

"గా కాయితం రాసింది కూడా ఆయనే సారు. హోదా లేదని రాసిన్రు."

సెక్రటరీ గారు ఫైలు తెప్పించి ఏడో నిబంధన చదివారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి పేర్లు చదవడం మొదలుపెట్టారు. శ్యామ్‌సుందర్, సౌభాగ్య... ఒక్కొక్కటే చదువుతూ చివర ఆగారు. "కామాక్షి ఎవరు? ఇరవై ఒక్క బొట్లున్నాయి!"

"మూడు వారాల సంది ఒక్క రోజు తప్పలేదు. గామెకున్నది సారు గ్యాసు" అంది జంగమ్మ. "కామాక్షమ్మ ఇంట్లనే మూర్తి సారు ఉంటడు. పోదాం రాన్రి."

ఇరవై ఒక్కటి. గుడి, తడిసిన చీర అంచు, గంధం సబ్బు! నేనెంత వెర్రివెధవని!

మా వంటింట్లో సెక్రటరీ గారు అగ్గిపుల్ల గీశారు. నీలం మంట లేచింది. కామాక్షి కాఫీ పెట్టింది. ఆయనకిచ్చింది, వరప్రసాద్ గారికిచ్చింది, జంగమ్మకిచ్చింది, చివర్న నాకిచ్చింది. మా ఆవిడ గ్యాసు మీద కాగిన కాఫీ తాగుతూ నేను గుమ్మంలో చుట్టంలా నిలబడ్డాను. వెళ్ళేటప్పుడు సెక్రటరీ గారు, "నిబంధన బాగా రాశారు. రాసినవాడి మీద కూడా అమలైన నిబంధన నేనింతవరకూ చూడలేదు" అన్నారు. అది మెచ్చుకోలో చీవాటో వరప్రసాద్ గారికీ తెలియలేదట.

అందరూ వెళ్ళాక అడిగాను. "గుడికన్నావు కదే?"

"గుడికి అన్నానుగాని, ఏ గుడి అని మీరు అడగలేదుగా. బకెట్ కూడా ఎక్కడో పారేసి వచ్చారు, పది రోజులు సౌభాగ్య దగ్గర అడుక్కున్నాను."

"నా ఉద్యోగం కోసం ఇంత చేశావా?"

"పద్దెనిమిదేళ్ళు కుంపటి ఊదానండీ. పొగ లేకుండా వండుకోవాలని నాకుండదా?" గిన్నె దింపి, నా మొహం చూసి, జాలి పడ్డట్టుంది. "సగం మీ కోసమే లెండి."

కంట నీళ్ళొచ్చాయి. ఈసారి పొగ అనలేదు.

మార్చి 19, మంగళవారం

ఐదింటికి లేచాను. కామాక్షి కొత్త బకెట్ ఇచ్చింది. మల్లేపల్లి కొట్టాల్లో నింపుకుని బయల్దేరాను. పేడ ఇంత బరువని ఏ పుస్తకంలోనూ లేదు. ఇరానీ హోటల్ ముందు బుచ్చిబాబు కూర్చునే ఉన్నాడు. అతనికి వేరే పని లేదా?

"ఏమిటండీ ఆఫీసర్ గారూ, అది?"

"పేడ. నా వాటా" అన్నాను. ఆగలేదు. ఆగితే మళ్ళీ ఎత్తలేనని భయం.

జంగమ్మ బకెట్‌లోకి తొంగి చూసింది, నన్ను కింద నుంచి పైకి చూసింది. వేలు సున్నంలో ముంచి గోడ మీద పెట్టింది. మిగతావాళ్ళవి గుండ్రంగా ఉన్నాయి, నాది సగమే ఉంది.

"ఇదేంటి జంగమ్మా, సగమే పెట్టావు?"

"తక్కిన సగం మీ పంట్లాం మీద ఉన్నది సారు."

దాని పైన శ్యామ్‌సుందర్ సుద్దతో "మూర్తి" అని రాశాడు. హోదా రాయలేదు. నేను అడగనూ లేదు. జేబులోంచి ప్లాంటు తాళం తీసి ఆ గోడ మేకుకే తగిలించాను.

పదకొండింటికి ఆఫీసులో ఆర్డరు ఇచ్చారు. ప్రాజెక్ట్ ఆఫీసర్, ఇన్‌చార్జి అన్న మాట లేదు. ఇంటికి తెచ్చాను గాని కామాక్షికి చూపించడం మరిచిపోయాను. నేరుగా కొట్టం వెనక్కి వెళ్ళి గోడ చూసుకున్నాను. సున్నం ఆరింది. సగమైనా తెల్లగా, బాగానే కనబడుతోంది.

రేపు పంట్లాం పైకి మడిచి వెళ్ళాలి.